పీఎస్ఏ రిపోర్టు మీద బరువు కూడా రాయాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

పొద్దున భద్రకాళి బండ్ మీద వాకింగ్‌కు వచ్చే మా బ్యాచ్‌ల చానామందికి యాభై దాటినయ్, ఈ మధ్య అందరూ మాస్టర్ చెకప్‌లు చేయించుకుంటున్నరు, మంచిదే, దాంట్ల ప్రోస్టేట్ (మగోళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ అనుమానం ఉన్నదా చూసేటందుకు పీఎస్ఏ అనే రక్త పరీక్ష కూడా ఉంటున్నది, ఆ గ్రంథి నుంచి రక్తంలకు వచ్చే పీఎస్ఏ అనే ప్రోటీన్ ఎంతున్నదో అది చెప్తది. రిపోర్టు చేతికి రాంగనే చూసేది ఒక్కటే, నంబర్ 4 లోపల ఉన్నదా లేదా. లోపల ఉంటే ఇగ ఫైల్ బీరువాల పెట్టుడే.

కానీ లావుగా ఉన్నోళ్లకు ఆ నంబర్ ఉన్నదానికన్నా తక్కువ చూపించే అవకాశం ఉన్నది, ఇది ఎవ్వరూ చెప్తలేరు. ఒళ్లు పెద్దదైతే రక్తంల నీటి భాగం కూడా ఎక్కువుంటది, చారుల నీళ్లు ఎక్కువైతే ఉప్పు తగలనట్టు పీఎస్ఏ కూడా పలచబడతది. అమెరికాల 13 వేల మందికి పైగా పేషెంట్లను చూసి 2007ల జామా అనే వైద్య పత్రికల ఇదే రాసిన్రు. దానికి తోడు పొట్ట ఉన్నోళ్లకు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తక్కువుంటది, దాంతోని పీఎస్ఏ కూడా తగ్గొచ్చు, డాక్టర్ వేలితో చేసే పరీక్ష కూడా సరిగ్గా అందదు. ఇంకో బాధ ఏందంటే ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తే గిట్ల లావున్నోళ్లకే అది ముదురు రకం అయ్యే ప్రమాదం ఎక్కువ.

బరువు తగ్గినంక కథ ఉల్టా అయితది. మా బావ వంద కిలోల మనిషి, షుగర్ వచ్చిందని రాత్రి అన్నం బంద్ చేసి జొన్నరొట్టె పట్టుకున్నడు, బాగా తగ్గిండు. తర్వాత టెస్టు చేయిస్తే పీఎస్ఏ 2.4 నుంచి 3.1కి ఎక్కింది, మా అక్క అయితే రెండ్రోజులు అన్నం ముట్టలే. యూరాలజిస్ట్ దగ్గరికి పోతే ఆయన మొదట అడిగిందే "ఈ మధ్య బరువేమన్న తగ్గినారా" అని. తగ్గితే నంబర్ కొంచెం పెరగొచ్చట, అట్లని వదిలెయ్యొద్దు, మూత్రంల ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతది కాబట్టి అది చూసి కొన్నాళ్లకు మళ్ల చేయించమన్నడు. చేయిస్తే అక్కడ్నే ఆగింది. పెరుగుతదేమో అని బరువు తగ్గుడు మానేసేటోళ్లు కూడా ఉంటరు, అట్ల అస్సలు చెయ్యొద్దు.

నేను అడిగేది చిన్నది. మన హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ ల్యాబులోళ్లు, ఊర్లల్ల క్యాంపులు పెట్టేటోళ్లు పీఎస్ఏ ఫారం మీద ఇప్పటి బరువు, పోయినసారి బరువు రాయించాలె. ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ గోలీలు వాడుతున్నరా అని కూడా అడగాలె, ఎందుకంటే కొన్ని నెలలు వాడితే అవి పీఎస్ఏని దాదాపు సగానికి దించుతయ్, మూత్రం సాఫీగా రావాలని వాడే పెద్దమనుషులకు ఆ సంగతి తెల్వదు. ఇంట్ల నాయినకో అన్నకో ఈ క్యాన్సర్ ఉన్నోళ్లయితే 45 నుంచే డాక్టర్‌తోని మాట్లాడాలె, పాత రిపోర్టులన్నీ తీస్కపోవాలె. దయచేసి మీ హెల్త్ పేజీల ఒక యూరాలజిస్ట్‌తోని దీని మీద రాయించండి.

ఇట్లు
ఒక పాఠకుడు, హనుమకొండ