ఆ మేస్త్రిగారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

ఇల్లు దొరికింది. రాత్రి పదకొండు దాటింది. సామాను ఇంకా మూటల్లోనే ఉంది, పాప నేల మీద పరిచిన దుప్పటి మీదే నిద్రపోయింది. ఒళ్లంతా పులిసిపోయినా ఈ నాలుగు మాటలు రాయకుండా నాకు నిద్ర పట్టేలా లేదు.

మా ఆయన, అన్నయ్య, వదిన ఎంత చేశారో వేరే చెప్పనక్కర్లేదు. అడ్వాన్సుకు తక్కువ పడినది అన్నయ్యే సర్దాడు.

నేను చెప్పవలసింది ఒక తాపీ మేస్త్రిగారి గురించి.

అప్పటికి ఇల్లు వెతకడం మొదలుపెట్టి 41 రోజులు. కొత్తగా కట్టిన భవనంలో రెండు పడకగదుల ఇల్లు, మేము కట్టగలిగిన అద్దె. సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామని చెప్పి ఏజెంటు వెళ్లిపోయాడు. పాపను చంకనేసుకుని మెట్ల దగ్గర నిలబడి అన్నయ్యకు ఫోను చేస్తున్నాను. పక్క గోడకు పూత పూస్తున్న పెద్దాయన తాపీ కింద పెట్టి, భుజం మీది గుడ్డతో మెట్టు మీది సిమెంటు దుమ్ము దులిపి, "కూర్చోమ్మా, ముందు కూర్చో" అన్నారు. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. అన్ని రోజుల్లో మమ్మల్ని నిలబెట్టి మాట్లాడినవాళ్లే తప్ప కూర్చోమన్నవాళ్లు లేరు.

ఏ ఇల్లని అడిగారు. చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తానే పైకి తీసుకెళ్లి, పడకగదిలో అలమర తలుపు తెరిచి, వెనక గోడ మీద చెయ్యి ఆనించి చూడమన్నారు. చల్లగా, చెమ్మగా తగిలింది. చెయ్యి తీస్తే వేళ్లకు రంగు అంటుకుంది. "సిమెంటుకు 28 రోజుల్లో బలం వస్తుందమ్మా, లోపలి తడి ఆరడానికి మాత్రం నెలలు పడుతుంది. ఇది ఆరకముందే రంగు వేసిన గోడ. చంటిపిల్లతో ఇందులో వద్దు" అన్నారు. వంటగదిలో, స్నానాల గదిలో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పారు. ధార సన్నబడి దారమంత అయింది.

ఆ గోడ ఆయనకు పని ఇచ్చే కాంట్రాక్టరు కట్టించినదే. అందుకే ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మాకు నిజం చెప్పినందుకు ఆయన పని పోకూడదు.

"వెనక బ్లాకు నిరుడే పూర్తయింది, ఒక ఎండాకాలం చూసింది, అక్కడ అడగండి" అన్నారు. అక్కడ ఇళ్లు కొన్నవాళ్లలో చాలామంది ఉండటం లేదట. ఖాళీగా ఉన్నా నెలనెలా నిర్వహణ ఖర్చు కట్టాల్సిందే కాబట్టి, నమ్మకమైనవాళ్లు వస్తే అద్దె కాస్త తగ్గిస్తారట. వాచ్‌మన్‌ను పిలిచి ఒక యజమాని నంబరు ఇప్పించారు. ఇప్పుడు మేమున్నది ఆ ఇంట్లోనే. మర్నాడు వెళ్లి డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "గోడ చూపించినందుకు కూలేమిటమ్మా?"

ఆయన ఒక్క నిమిషంలో చూపించినదాన్ని ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఎందుకు దాస్తారు? ప్రకటనలో ఒక అద్దె, వెళ్లాక దాని మీద నిర్వహణ, పార్కింగ్, ఏజెంటు రుసుము. చెప్పే విస్తీర్ణంలో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కూడా కలిపేస్తారు, మనం మంచం వేసుకునే చోటు కొలిస్తే కదా తెలిసేది! ఫొటోలేమో నమూనా ఇంటివి. నివాసయోగ్యతా పత్రం చూపమంటే "వచ్చేస్తుంది" అంటారు. తక్కువ అద్దె ఇళ్ల పథకానికి మా ఆదాయం ఎక్కువట, మామూలు కొత్త ఇంటికి తక్కువట. మాలాంటివాళ్లు ఎక్కడ ఉండాలో ఎవరైనా చెప్పాలి.

అయ్యో, ఒప్పంద పత్రం అంతా చదివి, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో అందులో రాయించిన మా ఆఫీసు మేడమ్‌కు కృతజ్ఞతలు. నంబరు ఇచ్చిన వాచ్‌మన్ గారికి కూడా. లిఫ్టు ఆగిపోతే బీరువాను మూడో అంతస్తుకు మోసిన ఇద్దరు తమ్ముళ్లకు, హడావిడిలో మీ పేర్లు కూడా అడగలేదు, క్షమించండి. పాత ఇంటి పక్కన ఉండే అక్కకు, ఇన్ని రోజులూ పాపను చూసుకున్నందుకు.

ఇంకొకరు, ఇప్పుడే గుర్తొచ్చింది. మా హాల్లో దీపం లేదని చూసి ఎదురింటివారు తమ ఇంట్లోది ఒక బల్బు తెచ్చి పెట్టి వెళ్లారు. దాని కిందే కూర్చుని రాస్తున్నాను. రేపు పొద్దున్నే వారికి కొత్తది కొనివ్వాలి.