గోల్ కొట్టేవాడికి ఆడే చోటేది?

సంపాదకులు గారికి నమస్కారం.

2025 నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో మన ఫుట్‌బాల్ జట్టు 0-1తో ఓడింది. ఆ జట్టు మనల్ని ఓడించి అప్పటికి 22 ఏళ్లు. ఆ రాత్రి నుంచి మా పర్లాకిమిడిలో బంతి తన్నిన ప్రతివాడి నోటా ఒకటే వాదన. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన హమ్జా చౌధురిని వాళ్లు తెచ్చుకున్నారు, మనమూ విదేశాల్లోని భారత సంతతి ఆటగాళ్లను తెచ్చుకోవాలని కొందరు అంటున్నారు. ఇక్కడి లీగ్‌లో చెమటోడ్చేవాళ్ల కడుపు కొట్టి బయటివారికి చోటివ్వడం అన్యాయమని మరికొందరు. గజపతి జిల్లాలో ముప్పై ఏళ్లు పిల్లలకు ఆటలు నేర్పినవాడిగా ఈ విషయంలో నా మనసులో ఉన్నది చెప్పాలని రాస్తున్నాను.

బయటివాడు, మనవాడు అనే మాటల బరువు సరిహద్దున బతికే మాకు బాగా తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఆంధ్ర వైపు ఉండిపోయింది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మేనమామ అటు, మేనల్లుడు ఇటు. సాయంత్రాలు ఒకే మైదానంలో ఆడిన ఇద్దరు కుర్రాళ్లు జిల్లా పోటీల వేళకు రెండు రాష్ట్రాలవాళ్లయిపోతారు. ఎవరు ఎవరివాడో కాగితం తేలుస్తుంది, ఆట కాదు. అందుకే, ఆస్ట్రేలియాలో పుట్టినవాడు మనవాడెలా అవుతాడని ఎవరైనా అడిగితే నాకు మనసొప్పదు.

ఆస్ట్రేలియా ఆటగాడు రయాన్ విలియమ్స్ తల్లి ముంబైలో పుట్టారు. ఆయన 2023లో బెంగళూరు ఎఫ్‌సీ క్లబ్బుకు వచ్చి, ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని, 2025లో భారత పాస్‌పోర్టు తీసుకున్నారు. అంతకు చాలా ముందే ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో మన జెర్సీ వేసుకున్నారు. 2008 నాటి ప్రభుత్వ విధానం ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ఆడాలి. ద్వంద్వ పౌరసత్వం మన చట్టంలో లేదు. పుట్టిన దేశపు పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయడం చిన్న త్యాగం కాదు. అలా వచ్చినవాడిని గుండెలకు హత్తుకోవాలి. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుని అయిదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు ఏడాది పాటు ఇక్కడే ఉన్నవారు పౌరసత్వం కోరే దారి చట్టంలో ఇప్పటికే ఉంది. ఆ దారిన వచ్చేవారి కాగితాల పని ఫుట్‌బాల్ సమాఖ్య దగ్గరుండి చేయించాలి. ఇంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

అయితే ఢాకా మ్యాచ్‌ను ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ రోజు మనపై గోల్ కొట్టింది హమ్జా కాదు. పదకొండో నిమిషంలో బంతిని నెట్‌లోకి పంపిన షేక్ మొర్సలిన్ బంగ్లాదేశ్ లీగ్‌లోనే ఆడే కుర్రాడు. మధ్యలో కాపు కాసేవాడిని వాళ్లు బయటి నుంచి తెచ్చుకున్నారు, గోల్ కొట్టేవాడిని ఇంట్లో తయారుచేసుకున్నారు. మన ఇంట్లో ఎవరున్నారు? 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పిన సునీల్ ఛెత్రిని, నలభై ఏళ్ల వయసులో, 2025 మార్చిలో మళ్లీ పిలిపించుకున్నాం. పిలవగానే వచ్చిన ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఆయన తరవాత నిలబడేవాడిని మనం ఎందుకు తయారుచేసుకోలేదన్నదే నా బాధ.

2014లో మన క్లబ్బుల లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మొదలైనప్పుడు ఒక్కో జట్టు ఆరుగురు విదేశీయులను బరిలోకి దింపవచ్చు. తరవాత అది అయిదుకు, 2021-22 సీజన్ నుంచి నాలుగుకు తగ్గింది. కానీ క్లబ్బులు డబ్బు పోసి ముందుగా తెచ్చుకునేది గోల్ కొట్టేవాడినే. దాంతో మన కుర్రాడు పక్కకు జరిగి వింగ్‌లో పరుగెత్తుతాడు, లేదంటే బెంచి మీద కూర్చుంటాడు. అతణ్ణే దేశపు జట్టులో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టి గోల్ ఏదని నిలదీస్తాం. ఏడాదంతా చేయని పనిని ఆ ఒక్క రాత్రి ఎలా చేస్తాడు?

ఇది నేను కళ్లారా చూసినదే. కొన్నేళ్ల కిందట సంక్రాంతి రోజుల్లో మా కొండ దిగువన ఒక ఊళ్లో టోర్నమెంటు జరిగింది. ఎనిమిదో తరగతి నుంచి నా దగ్గర ఆడిన సవర కుర్రాడు ఒకడు ఆ ఊరి జట్టుకు ఫార్వర్డ్. కుడి బూటు అడుగు ఊడిపోతే సైకిల్ ట్యూబు చీల్చి రెండు చుట్లు బిగించి కట్టుకునేవాడు. ఆ కాలితోనే తొలి మూడు ఆటల్లో నాలుగు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్ ముందు రాత్రి ఊరి పెద్దలు చందాలు వేసుకుని, ఆటకు ఇంత అని మాట్లాడి, ముగ్గురు బయటి ఆటగాళ్లను జీపులో దింపారు. వారిలో ఇద్దరు ఫార్వర్డ్‌లు. మా కుర్రాడు రెండు రోజులూ గీత అవతల కూర్చున్నాడు. ఎప్పుడు పిలుస్తారోనని కాలి ట్యూబు విప్పలేదు. పిలవలేదు. ఊరికి కప్పు వచ్చింది, డప్పులు మోగాయి, మర్నాడు ఆ ముగ్గురూ వెళ్లిపోయారు. మరుసటి సంక్రాంతికి చందాలు పోగవలేదు. కుర్రాడు అప్పటికే కేరళకు కూలిపనికి వెళ్లిపోయాడు. జట్టు మొదటి ఆటలోనే ఓడింది. ఊరివాళ్లను నేను తప్పుపట్టను, గెలవాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. ఆ రెండు రోజులూ అక్కడే ఉండి కూడా వాడి తరఫున గట్టిగా ఒక్క మాట మాట్లాడలేదే అన్న బాధ మాత్రం నన్ను వదల్లేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకు శిక్షకుడు మన హైదరాబాద్ రహీమ్ గారు. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో ఉన్నారు. రహీమ్ గారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్లు దేశం లోపలి గట్టి పోటీల్లోనే రాటుదేలారు. మరి 2025లో ఏం జరిగింది? లీగ్ నడిపే హక్కుల ఒప్పందం తేలక ఐఎస్‌ఎల్ వేళకు మొదలే కాలేదు. సరైన ఆటలు లేని కాళ్లతో మనవాళ్లు అక్టోబరు 14న మడ్‌గావ్‌లో సింగపూర్‌తో ఆడి 1-2తో ఓడారు. 2027 ఆసియా కప్ ఆశ అక్కడే ముగిసింది. ఢాకా ఓటమి ఆ తరవాతిది.

మన అమ్మాయిలను చూడండి. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్బు తరఫున 2022లో ఐరోపా మహిళల ఛాంపియన్స్ లీగ్ ఆడింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడి, తిరిగి వచ్చి ఈస్ట్ బెంగాల్‌కు లీగ్ కప్పు తెచ్చిన జట్టులో నిలిచింది. ఇక్కడ నేర్చుకుని బయటికి వెళ్లి పదునెక్కి వచ్చినవాళ్లు, ఇక్కడే ఉండి ఆడుతున్నవాళ్లు ఒకే జట్టులో కలిశారు. ఎవరు ఎక్కడ ఆడుతున్నారన్న గొడవ అక్కడ లేదు. అందరూ ఆడుతూ ఉన్నారు.

కాబట్టి ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ ముందువరసలో కనీసం ఒక భారతీయుడు ఆట మొదలు నుంచి ఉండాలని సమాఖ్య నియమం పెట్టాలి. జట్టును ఎంపిక చేసేటప్పుడు ఒక్కొక్కరు ఆ సీజన్‌లో ఎన్ని నిమిషాలు ఆడారో, ఏ స్థానంలో ఆడారో పేరు పక్కనే ప్రకటించాలి. పరదేశం నుంచి వచ్చినవాడికీ ఇక్కడివాడికీ అదే కొలత పెట్టాలి.

మీకూ ఒక విన్నపం. లీగ్ జరిగినన్నాళ్లూ సోమవారం క్రీడా పేజీలో, ఆ వారం ఏ క్లబ్బు భారతీయ ఫార్వర్డ్‌ను మొదటి నుంచి ఆడించిందో, ఎవరు ఎంతసేపు ఆడారో చిన్న పట్టికగా వేయండి. మా బడి పిల్లలు దాన్ని కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా