చిన్న జట్లకు ఒక్క సాయంత్రం సాధన

సంపాదకులకు నమస్కారం.

ఏటా జరిగే నాకౌట్ (ఒక్కసారి ఓడితే ఇంటికే) బాస్కెట్‌బాల్ పోటీలకు మండలాల నుంచి వచ్చే జట్లు పాల్గొంటే చాలన్నట్లు మనం మాట్లాడటం నాకు బాధ కలిగిస్తోంది. అమెరికా కళాశాలల పురుషుల నాకౌట్ పోటీల్లో 1985 నుంచి ఒకటో ర్యాంకు జట్లతో తలపడిన 135 సార్లూ పదహారో ర్యాంకు జట్లు ఓడిపోయాయి. 136వ సారి, 2018లో, పదహారో ర్యాంకుతో వచ్చిన మేరీల్యాండ్‌ బాల్టిమోర్ కౌంటీ విశ్వవిద్యాలయ జట్టు ఒకటో ర్యాంకు వర్జీనియాతో విరామానికి 21-21తో సమంగా నిలిచి, చివరికి 74-54తో గెలిచింది. నలభై నిమిషాల ఆటలో దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బంతులు వరుసగా పడితే ఎత్తు, పేరు, డబ్బు వెనక్కిపోతాయి. ప్రతి జట్టూ పలు మ్యాచ్‌లు ఆడే లీగ్ పద్ధతిలో ఆ అవకాశం సన్నగిల్లుతుంది కనుక నాకౌట్‌ను మార్చవద్దనే నా అభిప్రాయం.

అయితే ఆ గురి సాధనతోనే వస్తుంది. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నేను తీసుకెళ్లిన అమ్మాయిలు వల లేని రింగు కింద, పగిలిన సిమెంటు నేలపై నేర్చుకుని, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, నున్నని కోర్టుపై తొలిసారి అడుగుపెట్టింది మ్యాచ్ మొదలైనప్పుడే. మొదటి పది నిమిషాలు బంతి ఎగిరే తీరు అర్థం చేసుకోవడానికే సరిపోయాయి, ఆలోగా ఆట చేజారింది. వాళ్ల కళ్లలో నీళ్లు నాకు ఇప్పటికీ గుర్తే.

హనుమకొండ, వరంగల్‌లలో పోటీలు నిర్వహించేవారు దూరపు జట్లను ముందురోజే రప్పించి, బస కల్పించి, మ్యాచ్ జరిగే కోర్టుపైనే ఒక గంట సాధన చేయనివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ