కోఠి కాస్తా కోరి అయింది

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మా నల్లకుంట వైపు ఒక బస్సు స్టాపులో ఈమధ్య కొత్త ఫలకాలు పెట్టారు. ఇంగ్లీషు పేర్లు లావుపాటి సెరిఫ్ అక్షరాల్లో, అంటే గీతల కొసలకు పాదాలు తీర్చిన అక్షరాల్లో, నిండుగా, హుందాగా ఉన్నాయి. వాటి కింద తెలుగు మాత్రం పెనం మీద పిండి ఒలికినట్టుంది. మొన్న ఆ ఫలకం కిందే నిలబడి, చేతిలో ఆసుపత్రి చీటీతో ఒక పెద్దాయన, కోఠి బస్సు ఇక్కడ ఆగుతుందా అని నన్ను అడిగారు. తలెత్తి చూడమన్నాను. ఆయన కూడబలుక్కుని ‘కోరి’ అని చదివారు. తప్పు ఆయనది కాదు. ‘ఠి’ కడుపులో ఉండవలసిన చుక్క కింది గీతలో కలిసిపోయి, పైన చిన్న బెజ్జం మాత్రం మిగిలింది. ఇంగ్లీషు చదవగలిగినవారికి ఆ ఫలకంతో ఏ ఇబ్బందీ లేదు. తెలుగు ఒక్కటే వచ్చినవారికే అది పనికిరాకుండా పోయింది.

ముప్పయి రెండేళ్లు అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దినవాణ్ణి గనుక ఇది ఎలా జరుగుతుందో నాకు తెలుసు. మొన్నామధ్య ఒక ఫ్లెక్సీ దుకాణంలో కళ్లారా చూశాను కూడా. అక్కడి కుర్రవాడు పుస్తకాల్లో వాడే మామూలు ఫాంటులో పేరు కొట్టి, అక్షరం చుట్టూ అదే రంగులో మందపాటి అవుట్‌లైన్ ఇచ్చాడు. ‘బోల్డ్ అయిపోయింది సార్’ అన్నాడు. అది బోల్డ్ కాదు, వాపు. ఆ గీత బయటికి ఎంత పెరుగుతుందో లోపలికీ అంతే పెరుగుతుంది కాబట్టి సున్నాలు పూడిపోతాయి, వత్తులు పై అక్షరానికి అతుక్కుంటాయి, ‘ప’ ఒంటికీ తలకట్టుకూ మధ్య ఉండే సందు మూసుకుని అది ‘వ’ అవుతుంది. ఈ లెక్కన పాతబస్తీ ఏదో ఒక రోజు వాతబస్తీ కాక మానదు.

ఇంగ్లీషు అక్షరాలను లావు చేసినవారు ఈ పని చేయలేదు. ఇటలీలోని పార్మాలో బోడోని అనే అచ్చక్షరాల నిపుణుడు తీర్చిన అక్షరాల్లో నిలువు గీతకూ సన్నగీతకూ ఉన్న తేడాను పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లండన్ అచ్చువాళ్లు ఇంకా పెంచి, గోడ ప్రకటనలకూ లాటరీ కాగితాలకూ పనికివచ్చే బొద్దు అక్షరాలు చేశారు. వారు నిలువు గీతలను మాత్రమే బలిపించి, సన్నగీతలను సన్నగానే ఉంచి, అక్షరాన్ని అడ్డంగా సాగదీశారు. అందుకే అంత లావులోనూ కడుపు ఖాళీగా మిగిలింది. 1922లో షికాగోలో వచ్చిన కూపర్ బ్లాక్ అనే లావు ఫాంటులో కొసలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. దాని లావు కూడా ఎవరో కూర్చుని గీసినదే. నిజం చెప్పాలంటే, సన్నగీతలు దూరానికి కనబడకుండా పోయే బోడోని తరహా అక్షరం దారి చూపే ఫలకానికి తగినదే కాదు, సినిమా పోస్టరుకైతే బాగుంటుంది. అయినా దాన్ని గీసినవాడు దాని గురించి ఆలోచించాడు.

మన లిపి సంగతి వేరు. తెలుగులో బరువు మోయడానికి నిటారు స్తంభాలు లేవు, అన్నీ వంపులే. తలకట్టును సెరిఫ్ అనుకుని దానికి పాదాలు తగిలించినవారినీ చూశాను. తలకట్టు అలంకారం కాదు, అది అక్షరంలో భాగం. పూర్వం గోడల మీద కుంచెతో రాసే పెయింటర్లు ముందు అక్షరాన్ని వెడల్పు చేసి, వంపులో ఒక పక్కనే మందం పోసి, వత్తును కాస్త సన్నగా వదిలేవారు. పైగా ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు. మనకు పైన గుడి కావాలి, కింద వత్తు కావాలి. ‘రాష్ట్ర’ అన్న మాటలో ‘ష’ కింద ‘ట’ వత్తు, దానితోపాటు క్రారవడి కూడా పట్టాలి. రెండు భాషలకూ సమానమైన ఎత్తు ఇచ్చామని ఫలకం చేయించినవారు సంతోషించవచ్చు గాని, ఆ ఎత్తులో ఇవన్నీ ఇమిడేసరికి తెలుగు అక్షరం సగానికి కుంచించుకుపోతుంది. దాన్ని మళ్లీ ఉబ్బిస్తే ఇంకేం మిగులుతుంది?

సరైన అక్షరాలు లేవనడానికీ వీల్లేదు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర అందించిన రామభద్ర శీర్షికల కోసమే గీసిన లావు ఫాంటు. నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంటులో బాగా సన్నని అక్షరం నుంచి బాగా లావు అక్షరం దాకా విడివిడిగా తీర్చినవి ఉన్నాయి. రెండూ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

కనుక నగరంలో ఫలకాలు పెట్టించే అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. రేకు మందం ఎంతో, రంగు ఏదో రాసుకునే ఒప్పందంలో తెలుగుకు లావుగా గీసిన ఫాంటునే వాడాలనీ, అవుట్‌లైన్‌తో ఉబ్బించరాదనీ, వత్తులకు చోటు విడిచి తెలుగు వరుసకు ఇంగ్లీషు వరుసకన్నా ఎక్కువ ఎత్తు ఇవ్వాలనీ రాయించండి. వందల ఫలకాలు చేయించే ముందు ఒక్కటి చేయించి, ఆ దారి తెలియని మనిషిని ముప్పయి అడుగుల దూరంలో నిలబెట్టి చదివించండి. మా స్టాపులోని ఫలకం మార్చడానికి సమయం పడుతుందంటే, ఈలోగా ‘ఠి’ మధ్యలో ఉన్న లావును గీకి, చుక్క కనబడేలా తెల్ల రంగు వేయించినా చాలు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రూఫ్‌రీడర్,
నల్లకుంట, హైదరాబాదు.