ఏటేటా అదే ఆట, ఏటేటా కొత్త ధర

సంపాదకులు గారికి,

నమస్కారం. దసరా సెలవుల్లో మీ పత్రికలో కొత్త ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఎఫ్‌సీ 26 గురించి అర పేజీ వేశారు. అట్ట మీద ఎవరి బొమ్మ ఉందో, ఏయే హంగులు చేర్చారో అన్నీ రాశారు. కొనాలా వద్దా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ మాట అడగడానికే పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ నా దగ్గరకు వస్తున్నారు. విజయనగరం కంటోన్మెంట్‌లో నాకు చిన్న గేమ్ పార్లర్ ఉంది. రెండు పీఎస్5లు (టీవీకి తగిలించి ఆడే సోనీ గేమ్ యంత్రాలు), రెండు టీవీలు, గంటకు 60 రూపాయలు. ఆ ఆటను రోజూ పది గంటలు కళ్లెదుట చూసేవాణ్ణి కాబట్టి జవాబు నేనే రాస్తున్నాను. నిరుడు వచ్చింది మీ ఇంట్లో ఉంటే ఈ ఏడాదిది కొనకండి.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2025 సెప్టెంబరు 26న విడుదలైన ఎఫ్‌సీ 26 డిస్కును విశాఖ నుంచి తెప్పించాను. నాలుగు వేల పైచిలుకు అయింది. ఒక టీవీ ముందు డెబ్బై గంటలు ఆట సాగితే గానీ ఆ డబ్బు నాకు తిరిగి రాదు. వచ్చిన వారానికి, ఆదివారం పొద్దున్న, నెట్ తీసేసి ఒక పీఎస్5లో కొత్త డిస్కు, రెండో దాంట్లో నిరుటి ఎఫ్‌సీ 25 పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది మంది కుర్రాళ్లు మార్చి మార్చి ఆడారు. అరగంట దాకా ఎవరూ నోరెత్తలేదు. ఆ తర్వాత ఒకడు జట్టు ఎంచుకుంటూ, "ఏటన్నా ఇది, లివర్‌పూల్‌లో విర్ట్జ్ కనబడ్డం లేదేటి?" అన్నాడు. జర్మనీ ఆటగాడు విర్ట్జ్ ఆ ఇంగ్లండ్ క్లబ్బుకు వెళ్లింది 2025 వేసవిలో. పాత డిస్కులో ఎలా ఉంటాడు? వాళ్లకు తేడా తెలిసింది అక్కడే. నేను విషయం చెప్పాక మళ్లీ రెండు టీవీల మీదా ఆడి చూసి, "కొత్తదాంట్లో కీపర్ కొంచెం నయమన్నా" అన్నారు. ఆ కొంచెం నయానికి నాలుగు వేలు.

ఉన్న మంచిని కూడా చెప్పాలి. ఎఫ్‌సీ 26లో ఆటను రెండు తీరులుగా విడదీశారు. నెట్‌లో ఒకరితో ఒకరు పోటీ పడేవాళ్లకు వేగంగా సాగే తీరు ఒకటి, ఒంటరిగా ఒక జట్టునో ఆటగాణ్ణో ఏళ్ల తరబడి నడిపించే 'కెరీర్' ఆడుకునేవాళ్లకు నిజం మ్యాచ్‌లా నెమ్మదిగా నడిచే తీరు ఇంకొకటి. ఈ రెండోది నాకు నిజంగా నచ్చింది. బంతి కాళ్ల మధ్య గోలీకాయలా దొర్లిపోకుండా కాస్త బరువుగా కదులుతుంది. ఇదే ఆట పాత పేరుతో వచ్చిన నాలుగైదేళ్ల కిందటి ఫిఫా 21 దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇప్పుడు కొనుక్కుంటే డబ్బు దండగ కాదు. నేను వద్దంటున్నది ఏటా కొనడాన్ని.

ఈ ఏటేటా అలవాటు ఎక్కడిదో కొత్తవాళ్లకు తెలియదు. 1993లో మొదలైన ఈ సిరీస్ ఫిఫా పేరు మీదే మూడు దశాబ్దాలు నడిచింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాతో, ఆట తయారుచేసే ఈఏ కంపెనీకి ఉన్న ఒప్పందం ముగియడంతో, 2022లో వచ్చిన ఫిఫా 23 ఆ పేరుతో ఆఖరుది అయింది. తర్వాతి ఏడాది నుంచి పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ. పేరు మారినా లీగులూ క్లబ్బులూ ఆటగాళ్ల పేర్లూ వాడుకునే హక్కులు ఈఏ చేతిలోనే ఉండిపోయాయి. ఒకప్పుడు పోటీగా నిలిచిన జపాన్ కంపెనీ కొనామీ వాళ్ల ప్రో ఎవల్యూషన్ సాకర్ 2021లో ఈఫుట్‌బాల్‌గా మారి ఉచితంగా ఆడుకునే ఆట అయిపోయింది. దాంతో డిస్కుల అరలో పెద్ద ఫుట్‌బాల్ ఆట ఒక్కటే మిగిలింది. పక్క కొట్టు లేని బజారులో సరుకు మెరుగుపరచాలన్న తొందర ఎవరికుంటుంది? నింటెండో స్విచ్ అనే మరో గేమ్ యంత్రం మీద ఫిఫా 20 నుంచి 23 దాకా 'లెగసీ ఎడిషన్' అని పేరు పెట్టి, జట్లూ జెర్సీలూ మాత్రం మార్చి అమ్మారు. అది చూశాక కూడా మనం అట్ట మీద అంకె చూసి పరిగెత్తడం బాధ కలిగిస్తుంది.

కాస్త ఆగితే ధర దానంతటదే దిగుతుంది. నవంబరు చివరి సేల్ నాటికే బాగా తగ్గిస్తారు. 2023 సెప్టెంబరులో వచ్చిన ఎఫ్‌సీ 24ను 2024 మే నెలలో సోనీ వాళ్ల పీఎస్ ప్లస్ చందా కట్టేవాళ్లకు అదనపు ధర లేకుండానే ఇచ్చారు. ఎనిమిది నెలలు కూడా తిరగలేదు. మొదటి రోజు పూర్తి ధర పెట్టిన మా ఊరి కుర్రాడి ముఖం నాకింకా గుర్తుంది. డిస్కును తిరిగి అమ్ముకుందామన్నా, కొత్తది వచ్చిన మర్నాటి నుంచి పాతదాన్ని ఎవరూ ముట్టుకోరు. నా దగ్గర బీరువాలో ఏడు డిస్కులు పేరుకున్నాయి. కంప్యూటర్‌లో ఆడదామనుకునేవాళ్లకు మరో సంగతి: ఈ ఆటకు 100 జీబీ స్థలం కావాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ రీఛార్జి మీద దింపుకోవాలంటే యాభై రోజులు. ఇంట్లో ఫైబర్ లేని పల్లె పిల్లలు కొనేశాక గానీ ఈ లెక్క చూసుకోవడం లేదు.

ధర కంటే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ప్యాకుల సంగతి. ఈ ఆటలో అల్టిమేట్ టీమ్ అనే విభాగం 2009 నుంచి ఉంది. ఆటగాళ్ల కార్డులతో జట్టు కట్టుకోవాలి. కార్డులు మూసిన ప్యాకుల్లో వస్తాయి. ఆడి సంపాదించిన నాణేలతో ప్యాకు తెరవొచ్చు, లేదా అసలు డబ్బుతో పాయింట్లు కొని తెరవొచ్చు. లోపల ఎవరున్నారో తెరిచేదాకా తెలియదు. మరుసటి ఏడాది కొత్త ఆటలో ఆ జట్టు ఉండదు, మళ్లీ సున్నా నుంచి మొదలు.

మా వీధిలో జరిగింది చెబుతాను. ఇది వేరే ఆట, ఫోన్‌లో ఉచితంగా ఆడేది, ప్యాకుల పద్ధతి మాత్రం ఇలాంటిదే. పదో తరగతి పిల్లాడు నా పార్లర్ గడప మీద కూర్చుని ప్యాకులు తెరిచేవాడు. ముందు దేశం జెండా వస్తుంది, తర్వాత ఆడే స్థానం, ఆ తర్వాత క్లబ్బు గుర్తు, చివరికి ఆటగాడు. ఆ మూడు నాలుగు క్షణాలూ వాడు ఊపిరి బిగబట్టేవాడు. వాళ్లమ్మ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. బండి దగ్గర యూపీఐ డబ్బు పడేది ఆ ఫోన్‌లోనే. రెండు నెలల్లో 6,800 రూపాయలు వెళ్లిపోయాయి. ఒక్కోసారి 89, ఒక్కోసారి 449, ఇలా చిన్న చిన్నగా. పిండి మిల్లువాడికి బాకీ కడదామని చూసుకున్నాక గానీ ఆవిడకు తెలియలేదు. ఫోన్ పట్టుకుని నా దగ్గరకొచ్చి, "బాబూ, ఇవి తిరిగి వస్తాయా?" అని అడిగింది. రాలేదు. పిల్లాడు చెడ్డవాడు కాడు. పొద్దున్న విజ్జీ స్టేడియంలో బంతి తన్ని, సాయంత్రం అమ్మకు గిన్నెలు తోమిపెట్టేవాడు. అందుకే, గేములే పిల్లల్ని పాడుచేస్తున్నాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పిల్లాడి చేతికి మూసిన ప్యాకు అమ్మేవాళ్లను ముందు అడగాలి.

బెల్జియం ఈ పని చేసింది. అక్కడి జూద నియంత్రణ సంస్థ 2018లో ఇలాంటి ప్యాకులు జూదం కిందకే వస్తాయని తేల్చింది. 2019 జనవరిలో ఈఏ ఆ దేశంలో పాయింట్ల అమ్మకం ఆపేసింది. నెదర్లాండ్స్‌లో మాత్రం 2022లో కోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. అంటే ఇది తేలిగ్గా తెగే పేచీ కాదు. మన దగ్గర 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని నిషేధించింది. మంచి పనే. ప్యాకులో వచ్చేది డబ్బు కాదు, కార్డు. కాబట్టి ప్యాకులు ఆ గీతకు ఇవతలే ఉండిపోతాయేమోనని నా భయం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు డబ్బుతో ప్యాకులు అమ్మకూడదని, మంచి కార్డు వచ్చే అవకాశం నూటికి ఎంతో కొనే ముందే పెద్ద అక్షరాల్లో చూపాలని నిబంధన రావాలి. మన ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి.

మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. ఫోన్‌లోనూ పీఎస్5లోనూ కొనుగోళ్లకు పిన్ పెట్టుకునే వీలుంది. అది సెట్టింగ్స్ లోపలెక్కడో, ఇంగ్లీషులో ఉంటుంది. టిఫిన్ బండి తల్లి దాన్ని వెతుక్కోలేదు. ఎక్కడ నొక్కాలో, తర్వాత ఏది నొక్కాలో తెలుగులో, బొమ్మలతో సహా ఒక పావు పేజీ వేయండి. ఫొటోలు నేనే తీసి పంపుతాను. ఆవిడ ఫోన్‌లో నిన్ననే పెట్టి ఇచ్చాను, నాలుగు నిమిషాలు పట్టింది.

ఇట్లు,
ఒక గేమ్ పార్లర్ యజమాని,
కంటోన్మెంట్, విజయనగరం