టీచరుగారి ఒమేగా అసలుదే!

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ కోణార్కూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, ఆలస్యానికి కోప్పడకు. ఆఫీసులో ఆడిట్, ఇంట్లో పెద్దవాడి పరీక్షలు, మధ్యలో నాన్నగారి మోకాలు. ఇప్పుడు అందరం బాగున్నాం. నాన్నగారు మళ్లీ సాయంత్రం పూట బీచికి నడిచి వెళ్తున్నారు. నిన్ను అడిగినట్టు రాయమని మీ చెల్లెలు రెండుసార్లు చెప్పింది, రాశాను. ఇంటి కబుర్లు ఇంతటితో సరి. అసలు సంగతి నీకు చెప్పేదాకా నాకు అన్నం సహించదు.

టీచరుగారి ఒమేగా అసలుదే!

టీచరుగారి భర్త, మన ఓడ ఇంజినీరుగారి చేతి గడియారం గుర్తుందా, స్విట్జర్లాండ్ ఒమేగా కంపెనీది? పెద్ద వాల్తేరు ఇంటి వరండాలో మనం ట్యూషనుకు కూర్చుంటే, ఓడ దిగి సెలవుకు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని విప్పి మన చెవుల దగ్గర పెట్టేవారు. "లోపల చీమలు కవాతు చేస్తున్నాయండీ" అన్నావు నువ్వు. ఆ తర్వాత ఆయన ఊళ్లో ఉన్నంతకాలం నిన్ను "ఏమయ్యా చీమల దండు" అనే పిలిచారు. ఆ గడియారమే. వెనక మూత మీద సగం గుర్రం, సగం చేప బొమ్మ ఉన్న సీమాస్టర్ అనే మోడల్. 1969లో సింగపూర్‌లో ఓడ ఆగినప్పుడు కొన్నారు.

ఆయన పోయాక అది బీరువాలోనే ఉంది. టీచరుగారి ఇల్లు నువ్వు ఇప్పుడు చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఉప్పుగాలికి శ్లాబులో ఇనుము తుప్పు పట్టి, వంటింట్లో పెచ్చులు ఊడి పడుతున్నాయి. మరమ్మతుకు డబ్బు కావాలి, కొడుకును అడగరు, ఆవిడ సంగతి నీకు తెలుసుగా. అందుకని గడియారాన్ని చేతిసంచిలో పెట్టుకుని ఒక కొట్టుకు ఒంటరిగా వెళ్లారు. ఆ కొట్టు పేరు రాయను. అక్కడి మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, అద్దం ప్లాస్టిక్, చీకట్లో వెలగడం లేదు, కీ తిప్పే బుడిపె మీద కంపెనీ గుర్తు లేదు, బిల్లు లేదు, కాబట్టి ఇది నకిలీ అని తేల్చేశాడట. "అయినా పెద్దావిడ కదా, మూడు వేలు ఇస్తాను" అన్నాడట.

టీచరుగారు ఏమన్నారో ఊహించగలవా? లెక్కల్లో మనల్ని అడిగినట్టే, "స్టెప్పులు చూపించు నాయనా" అన్నారు!

చూపించలేదు. ఆవిడ గడియారం సంచిలో వేసుకుని వచ్చేశారు. కానీ ఒరేయ్, నాకు ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు వినాలి. మూడు వేల గురించి కాదు. "ఆయన్ని సింగపూర్‌లో మోసం చేశారేమోరా, పాపం ఆయనకు తెలియకుండానే పోయారు" అన్నారు. కొన్ని నెలలుగా అదే మనసులో పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నకిలీ అని ఒక్క మాట అనేసి వాడు మరుక్షణం మరిచిపోయి ఉంటాడు, ఈవిడేమో పెళ్లినాటి నుంచి ఉన్న ఒక నమ్మకాన్ని తవ్వుకుంటూ కూర్చున్నారు. సరే, దీని గురించి మళ్లీ రాస్తాను, లేకపోతే ఉత్తరమంతా తిట్లతోనే నిండిపోతుంది.

వన్ టౌన్‌లో పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక పెద్దాయన ఉన్నారు. నువ్వు వెళ్లిపోయాక పరిచయమయ్యారు. బల్లంత దుకాణం, గోడ నిండా ఆగిపోయిన గోడ గడియారాలు. టీచరుగారిని ఆటోలో తీసుకెళ్లాను. ఆవిడ కూర్చోగానే చెప్పిన మొదటి మాట, బిల్లు లేదని. బిల్లూ గ్యారంటీ కాగితమూ కిటికీ కింద రేకు పెట్టెలో ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కిటికీ రెక్కల్ని ఊడగొట్టినప్పుడు పెట్టెలోని కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఆ పెద్దాయన చేతులు తుడుచుకుంటూ, "కాగితాలు అచ్చు వేయించడం తేలికమ్మా. గడియారాన్ని చూద్దాం, అది చాలు" అన్నారు.

కంటికి భూతద్దం తగిలించుకుని, దీపాన్ని పక్కకు వంచి, గడియారాన్ని చాలాసేపు మెల్లగా తిప్పారు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చి, "అద్దం సరిగ్గా నడిమధ్యన చూడు బాబూ" అన్నారు. ముందు గీతలు తప్ప ఏమీ కనబడలేదు. వెలుతురు ఏటవాలుగా పడగానే కనబడింది! ముళ్ల ఇరుసుకు సరిగ్గా పైన, అద్దంలోనే, మామూలు కంటికి ఆనని ఒమేగా గుర్తు. ఆ రోజుల్లో కంపెనీ తన ప్లాస్టిక్ అద్దాల మీద వేసిన ముద్ర అది. ప్లాస్టిక్ కాబట్టి నకిలీ అన్నాడే, 1969లో చంద్రుడి మీద నడిచిన ఆల్డ్రిన్ చేతికున్న ఒమేగాకు కూడా ప్లాస్టిక్ అద్దమేరా! గాజైతే పగిలి ముక్కలవుతుంది, ఇది కాదు. టీచరుగారు కూడా చూశారు. "ఇది ఓమ్‌ల గుర్తు కదరా" అన్నారు. విద్యుత్ నిరోధాన్ని కొలిచే ఓమ్‌లకూ ఇదే గుర్తు కదా, భౌతికశాస్త్రం కూడా చెప్పిన మనిషి మరి.

తర్వాత వెలగకపోవడం. 6 గంటల గీత కింద, డయలు అంచున సన్నని అక్షరాల్లో 'టి స్విస్ మేడ్ టి' అని ఉంది. రెండు పక్కలా ఉన్న 'టి' అంటే ట్రిటియం. అప్పట్లో చీకట్లో వెలుగు కోసం దాన్నే పూసేవారు. దాని అర్ధజీవితం దాదాపు 12.3 సంవత్సరాలు, అంటే అన్నేళ్లకోసారి అది సగమైపోతుంది. పెద్దాయన ఇంతవరకు చెప్పారో లేదో, టీచరుగారు అక్కడున్న రసీదు పుస్తకం వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టారు. 50 ఏళ్లు దాటాయి, అంటే నాలుగుసార్లు సగమైంది, మిగిలింది పదహారో వంతు కూడా లేదు. "అయితే వెలగకపోవడమే న్యాయం! వెలిగితేనే అనుమానించాలి!" అన్నారు. "అంతేనమ్మా, వెలిగితే ఎవరో కొత్త పూత పూశారని అర్థం" అన్నారు పెద్దాయన. ఆ సమయానికి ఆవిడ ముఖం మన పదో తరగతి రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది. నువ్వు అక్కడ ఉండాల్సింది.

డయలు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగారు. మన దేశంలో పాత గడియారాలకు ఉన్న పెద్ద జబ్బు ఇక్కడేనట. మాసిన డయలును గీకి మళ్లీ రంగు వేసి అచ్చు కొడతారు. బొంబాయి డయళ్లని పేరే ఉంది. అలాంటివాటిలో అక్షరాలు లావుగా అలుక్కుపోయి ఉంటాయి, నిమిషాల గీతలు గుర్తులతో కలవవు, కింద ఆ 'టి'లు చాలాసార్లు ఎగిరిపోతాయి. మనదానిలో ఒమేగా గుర్తు డయలు మీద విడిగా అతికించిన లోహం. అక్షరాలు పదునుగా ఉన్నాయి. డయలు అంచు మాత్రం కాస్త పసుపెక్కింది, ముళ్ల మీది పూత కూడా అదే పసుపు. "ఇవి కలిసి ముసలివైనవి" అన్నారు ఆయన. ఆ మాటకు టీచరుగారు తల పక్కకు తిప్పుకున్నారు.

సెకన్ల ముల్లు జారుతూ తిరిగితే అసలుదని మనం అనుకునేవాళ్లం చూడు, దానికేమీ విలువ లేదట. బ్యాటరీది కాదని తెలుస్తుంది, అంతే. చవక ఆటోమేటిక్ గడియారాల్లో కూడా జారుతుంది.

ఇక వెనక మూత. ఒరేయ్, చిన్నప్పటి నుంచి చెవితో విన్న చీమల్ని మొదటిసారి కళ్లతో చూశాను! లోపలంతా ఎర్రటి రాగి రంగు. అప్పటి ఒమేగా మిషన్ల రంగే అది. అర్ధచంద్రాకారపు బరువు రెండు వైపులా తిరుగుతూ కీ ఎక్కిస్తుంది. 565 అనే మిషను సంఖ్య, 24 రాళ్లు (ఇరుసులు అరగకుండా పెట్టేవి) అని చెక్కిన అక్షరాలు, 26తో మొదలయ్యే ఎనిమిది అంకెల వరస సంఖ్య. ఆ సంఖ్య 1968 ప్రాంతానిదని పెద్దాయన చెప్పారు. 1969లో కొన్నదానికి సరిపోయింది కదా! మూత లోపలి వైపు 166తో మొదలయ్యే మోడల్ సంఖ్య ఉంది. ఆ మూడు అంకెల్లోనే మగవారిదనీ, ఆటోమేటిక్ అనీ, తేదీ ఉన్నదనీ, నీరు చొరబడనిదనీ అన్నీ ఉన్నాయట. డయలు మీద రాసినదీ లోపల చెక్కినదీ ఒకటే మాట చెప్పాలి. చెప్పాయి.

చిన్న యంత్రం మీద పెట్టి చప్పుడు వినిపించారు. గంటకు 19,800 సార్లు కొట్టుకోవాల్సిన మిషను అది. కొట్టుకుంటోంది, కానీ నీరసంగా. నూనె ఎండిపోయింది, శుభ్రం చేసేదాకా తిప్పవద్దన్నారు. బుడిపె మాత్రం అసలుది కాదు, ఎప్పుడో మార్చారు. ఆ మాట కూడా దాచకుండా చెప్పారు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే రెట్టింపైంది.

అయినా ఇంకో ప్రశ్న ఉంది, నేనే అడిగాను. 2021 నవంబరులో జెనీవా వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ గడియారం ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది, కొన్నది ఒమేగాయే. 2023లో అదే ఒమేగా, అది ఎక్కువ భాగం అసలు విడిభాగాలనే కూర్చి తయారుచేసిన గడియారమనీ, తమ మాజీ ఉద్యోగుల హస్తం ఉందనీ చెప్పింది. తయారుచేసిన కంపెనీకే ఆ గతి పడితే, ఇంజినీరుగారి గడియారంలోని భాగాలన్నీ మొదటి నుంచీ కలిసే ఉన్నాయని ఎలా తెలుస్తుంది?

పెద్దాయన మాట్లాడకుండా మూత లోపలి అంచును దీపం కిందకు తెచ్చారు. సూదితో గీసిన సన్నని గీతలు. బాగుచేసినవాళ్లు తమ కోసం గీసుకునే గుర్తులు. ఒకటి అరిగిపోయింది. ఇంకొకటి స్పష్టంగా '8.74'.

టీచరుగారు లేచి నిలబడ్డారు. "ఇంటికి పదరా" అన్నారు.

పద్దు పుస్తకాలు! నల్ల అట్టవి, మనం చూసి నవ్వుకునేవాళ్లం, కొత్తిమీర కట్ట కూడా తేదీతో రాసేవారు. అవి బీరువాలో ఉండబట్టి తుఫానుకు తడవలేదు. 1974 పుస్తకం తీశారు. ఆగస్టు పేజీలో, పాలకీ కిరోసిన్‌కీ మధ్య, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో: 'గడియారం శుభ్రం చేయించినది, బుడిపె మార్చినది, 18 రూపాయలు.'

బుడిపె కూడానురా! నాకు నోట మాట రాలేదు. ఆవిడ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి, "ఆయన్ని ఎవరూ మోసం చేయలేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఈ స్టెప్పులన్నీ వరసగా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. రాశాను. పదికి పది వేశారు, నిజంగా ఎర్ర కలంతో వేశారు. నీకు జీవితంలో ఎప్పుడైనా వేశారా?

అమ్మితే లక్ష దరిదాపుల్లో రావచ్చని పెద్దాయన అంచనా. కొడుకు సంగతి తెలిసి, అమ్మొద్దు, డబ్బు నేను పంపుతానని ఫోను చేశాడు. ఆవిడ ఇంకా ఏమీ తేల్చలేదు. నాకైతే... అది నేను చెప్పేది కాదు. కానీ శ్లాబు ఆగదు, వానలు వచ్చేస్తాయి, మనిద్దరం కలిసి ఆ వంటింటి సంగతి చూడలేమా? ఆవిడ ఒప్పుకోరు, అదే చిక్కు. ట్యూషన్ ఫీజు బాకీ అని చెబితే? నువ్వు నిజంగానే రెండు నెలలది ఎగ్గొట్టావు కదా, పద్దు పుస్తకంలో ఉండే ఉంటుంది!

నీకు ఒక పని. పుణేలో కాకపోతే ముంబైలో, పాత ఒమేగా విడిభాగాలు అమ్మేవాళ్లను వెతికి, 565 మిషనుకు సరిపోయే అసలు బుడిపె దొరుకుతుందేమో కనుక్కో. కొన్నా 1974 బుడిపెను పారేయకూడదని టీచరుగారు అప్పుడే చెప్పేశారు, దానికి పద్దు ఉందట. కొలతలు పెద్దాయన దగ్గర రాయించి పంపుతా

ఫోను మోగుతోంది, ఆవిడే. 1969 పుస్తకం కూడా దొరికిందట, వెంటనే రమ్మంటున్నారు. మిగతాది రేపు రాస్తాను.

నీ
అగరొత్తి