సుబ్బారావు గారి మందులు ఇస్తున్నప్పుడు ఆయన పేరు కూడా చెప్పించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

బోదకాలు నివారణకు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర, గర్భిణులకు 180 రోజులపాటు ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లం, పిల్లలకు వచ్చే ల్యుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, ఈ మూడింటి వెనుకా భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి శ్రమ ఉంది. ఈ సంగతి మింగేవారికీ, మింగించేవారికీ మీ శాఖే తెలియజేయాలని కోరుతున్నాను.

ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే తక్కువ స్థాయిదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. తిన్నది ఒంటపట్టనివ్వక మనిషిని పీల్చి పిప్పిచేసే స్ప్రూ వ్యాధి కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకుంది. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

1925లో హార్వర్డ్ జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్షను మన వైద్య విద్యార్థులు ఆయన పేరుతోనే నేర్చుకుంటారు. నమూనాకు మాలిబ్డేట్ అనే లవణం కలిపి క్షయకరణం (ఎలక్ట్రాన్లు చేర్చే రసాయన చర్య) చేస్తే నీలిరంగు తేలుతుంది; నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఈ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత కణాలకు శక్తినందించే ఏటీపీని వారు గుర్తించగలిగారు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లాక, ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులను కోలుకునేలా చేసిన మందు అదే. తోబుట్టువులను బలిగొన్న జబ్బుకు మందు చేతికందేసరికి రెండు దశాబ్దాలు దాటిపోయాయన్నది తలచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశానికి తిరిగి రాకుండానే ఆయన కన్నుమూశారు.

ఆయనకు నోబెల్ రాలేదని వగచే వ్యాసాలు మనకు చాలానే ఉన్నాయి. నా విన్నపం అది కాదు. డీఈసీ మాత్రను చేతికిస్తే, అక్కడికక్కడే వేసుకోకుండా కొంగున ముడివేసుకుని "తర్వాత వేసుకుంటాలేమ్మా" అనేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మన భీమవరం మనిషి పాటుపడి తెచ్చిన మందు ఇది అని ఆశా కార్యకర్త చెప్పగలిగితే, అందరూ కాకపోయినా కొందరైనా ఆ మాట విని మింగుతారని నా నమ్మకం.

అందుచేత, వచ్చే విడత మాత్రల పంపిణీకి ముద్రించే కరపత్రంలో ఆయన గురించి రెండు వాక్యాలు చేర్చండి; ఆశా, ఏఎన్‌ఎంల శిక్షణలో ఆయన కథకు ఒక అరగంట కేటాయించండి. రాసేటప్పుడు డీఈసీని ఆయన ఒక్కరే కనుగొన్నారని కాక, ఆయన నడిపిన బృందం కనుగొన్నదని ఉన్నదున్నట్టుగా రాయించండి. ఇందుకు ప్రత్యేక నిధులేమీ అక్కరలేదు, మీ శాఖ నుంచి ఒక్క ఉత్తర్వు వెలువడితే చాలు.

భవదీయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా వాసి